ఫార్మాట్ కొట్టించకండి మాస్టారూ, ముందు ఆ పాప్-అప్ ఎక్కడినుంచి వస్తోందో చూద్దాం

ప్రశ్న: నేను జంగారెడ్డిగూడెం దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టార్ని. ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంది, విండోస్ 10. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఈఏపీసెట్ మాక్ టెస్టులు దానిమీదే రాస్తుంది. అబ్బాయి తొమ్మిదో తరగతి, అప్పుడప్పుడూ గేములు ఆడతాడు. నెల కిందట ప్రశ్నపత్రాలు టైప్ చేసుకుందామని ఉచితంగా దొరికే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేశాను. ఆ వారం నుంచే అనుకుంటాను, స్క్రీన్ కింద కుడి మూలన మీ కంప్యూటర్‌లో ఐదు వైరస్‌లు ఉన్నాయని, యాంటీవైరస్ గడువు అయిపోయిందని ఇంగ్లిషులో వస్తున్నాయి. అమ్మాయి టెస్ట్ రాస్తుండగా చెప్పుకోలేని బొమ్మలు కూడా వచ్చాయి. ఏది వెతికినా గూగుల్ బదులు వేరే పేజీ తెరుచుకుంటోంది. అబ్బాయే పిచ్చి సైట్లు చూశాడని కోప్పడి, సిస్టమ్ ముట్టుకోవద్దన్నాను. బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్, ఎక్స్‌టెన్షన్ అంటారే, తెలియనిది ఒకటి కనిపిస్తే తీసేశాను, మర్నాడు మళ్ళీ వచ్చింది. మొన్న స్క్రీనంతా నీలంగా అయిపోయి, సైరన్ మోగి, ఒక ఫోన్ నంబరు కనిపించింది. మా ఆవిడ ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఏదో యాప్ వేసుకోమన్నారట, భయమేసి కట్ చేసింది. షాపతను ఫార్మాట్ కొట్టి కొత్త యాంటీవైరస్ వేస్తే 2,500 అవుతుందన్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ, అన్నిటికంటే ముందు ఆ ఫోన్ సంగతి. మేడమ్‌గారు యాప్ వేసుకోకుండా కట్ చేశారు కదా, చాలా మంచి పని చేశారు, దానికి ఆవిణ్ణి ఏమీ అనకండి. ఆ యాప్ గనక ఎక్కి ఉంటే మీ మౌస్ వాళ్ళ చేతిలో ఉండేది. కంప్యూటర్నీ ఫోన్‌నీ దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ లాంటి యాప్‌లను మోసగాళ్ళు ఇలా వాడుకుంటున్నారని రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ఇప్పుడు వాళ్ళ దగ్గరున్నది మీ ఫోన్ నంబరు ఒక్కటే, అందుకని మళ్ళీ ఫోన్ చేస్తారు, బ్లాక్ చేసెయ్యండి. ఒకవేళ ఆవిడ కంగారులో ఓటీపీగానీ కార్డు నంబరుగానీ చెప్పి ఉంటే మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు బ్యాంకుకి, తరవాత 1930కి ఫోన్ చెయ్యండి. సైబర్ మోసాలకు దేశమంతటికీ అదే నంబరు, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఆ నీలం తెర, సైరన్, అదంతా వట్టి వెబ్ పేజీ. బ్రౌజర్‌ని ఫుల్ స్క్రీన్ చేసేసి, మూసే గుర్తు కనపడకుండా దాచి, ఒక సౌండ్ ఫైల్ మోగిస్తారు. కంప్యూటర్ లాక్ అయిందని రాస్తారు గానీ అక్కడ ఏదీ లాక్ కాదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు, ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ చెప్పండి. మళ్ళీ వస్తే ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి. దానికీ పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో క్రోమ్ మీద నొక్కి ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవాలా అని క్రోమ్ అడుగుతుంది, వద్దనండి, లేకపోతే సైరన్ మళ్ళీ మొదలవుతుంది.

ఇక మూలన వచ్చేవి. పాప్-అప్ అని అన్నిటికీ ఒకే మాట వాడతాం గానీ వాటిలో రకాలున్నాయి, దేని మందు దానికే పనిచేస్తుంది. మీరు చెప్పిన గుర్తులను బట్టి మీ సిస్టమ్‌లో రెండు వేరువేరు సమస్యలు ఉన్నాయి. కింద కుడి మూలన వచ్చే వైరస్ హెచ్చరికలు, ఆ బొమ్మలు ఒకటి. వెతుకులాట దారి మళ్ళడం, తీసేసిన ఎక్స్‌టెన్షన్ తిరిగి రావడం రెండోది. మొదటిది నూటికి తొంభైమంది భయపడే సమస్యే, కానీ తియ్యడం అయిదు నిమిషాల పని.

ఈసారి మూలన ఒకటి వచ్చినప్పుడు కంగారుగా మూసెయ్యకుండా ఒక్క క్షణం చూడండి. అందులో చిన్న అక్షరాలతో గూగుల్ క్రోమ్ అనీ, పక్కనే ఏదో ముక్కూమొహం తెలియని సైట్ పేరూ ఉంటుంది. అంటే అది వైరస్ కాదు, ఆ సైట్ మీకు పంపుతున్న నోటిఫికేషన్. బ్యాంకు యాప్ నుంచి ఫోన్‌కి మెసేజ్ వచ్చినట్టే సైట్లు కంప్యూటర్‌కి మెసేజ్‌లు పంపే సౌకర్యం 2015లో క్రోమ్‌లోకి వచ్చింది, వార్తల సైట్లకీ ఈమెయిల్‌కీ ఉపయోగపడాలని పెట్టారు. దాన్ని ప్రకటనల వాళ్ళు పట్టుకున్నారు. ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోబోతే నువ్వు రోబో కాదని నిరూపించుకో, అలౌ నొక్కు అని ఒక పేజీ అడుగుతుంది. నిజమైన రోబో పరీక్షలో గడిలో టిక్ పెట్టమంటారు, లేదా బొమ్మలు ఏరమంటారు, అంతేగానీ అలౌ నొక్కమనరు. ఆ ఒక్క నొక్కుతో మన అనుమతి వాళ్ళకి దొరికిపోతుంది, ఆ తరవాత ఆ సైట్ మూసేసినా, మళ్ళీ ఎప్పుడూ దాని మొహం చూడకపోయినా మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. యాంటీవైరస్‌తో వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే దొరకడానికి అక్కడ ఫైలంటూ లేదు, అనుమతి మాత్రమే ఉంది.

తీసే పద్ధతి ఇది. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అలౌడ్ అన్న జాబితాలో మీకు తెలియని పేర్లు వరసగా కనిపిస్తాయి. ఒక్కోదాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి బ్లాక్ చెయ్యండి. రిమూవ్ కూడా ఉంటుంది గానీ రిమూవ్ చేస్తే ఆ సైట్ మళ్ళీ అడగగలదు, బ్లాక్ చేస్తే అడగలేదు. అదే పేజీలో పైన అసలు ఏ సైటూ నోటిఫికేషన్లు పంపకూడదన్న ఎంపిక ఉంటుంది, అది పెట్టేసుకోండి, ఇంటి కంప్యూటర్‌కి వీటితో పనేమీ లేదు. అమ్మాయికి క్రోమ్‌లో వేరే ప్రొఫైల్ ఉంటే అందులోనూ విడిగా చెయ్యాలి, ప్రొఫైల్‌కి ఒక జాబితా. ఎడ్జ్ వాడితే అందులోనూ సైట్ పర్మిషన్స్ కింద ఇదే ఉంటుంది.

మాస్టారూ, ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఆ బొమ్మలు రావడానికి అబ్బాయి అలాంటి సైట్లే చూసి ఉండాలని లేదు. నోటిఫికేషన్ పంపేవాళ్ళు మనం ఏం చూశామో చూసి పంపరు, ఏది పంపితే కంగారుపడి నొక్కుతామో అది పంపుతారు, తెలుగు టైపింగ్ కోసం వెళ్ళినవాళ్ళకీ అవే బొమ్మలు వస్తాయి. పైగా ఇవి మొదలైంది మీరు సాఫ్ట్‌వేర్ దించిన వారంలోనే అని మీరే రాశారు. నమ్మకం కుదరకపోతే క్రోమ్ హిస్టరీలో ఆ రోజుకి వెళ్ళి చూడండి, బ్లాక్ చేసిన ఆ సైట్ పేరు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పేజీ పక్కనే దొరికే అవకాశం ఎక్కువ. దొరికితే అబ్బాయిని పిలిచి మీరే చూపించండి. చెయ్యని తప్పుకి ఆ వయసు పిల్లాడు నెల రోజులుగా మాట పడుతున్నాడంటే నాకు నిజంగా కష్టంగా ఉంది.

ఇప్పుడు రెండోది, మొండిది. ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చే డౌన్‌లోడ్ సైట్లు చాలావరకు అసలు ఫైలు నేరుగా ఇవ్వవు, తమ సొంత ఇన్‌స్టాలర్‌లో చుట్టి ఇస్తాయి. నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోతుంటే మధ్యలో ఒక చోట ముందే టిక్ పెట్టి ఉన్న చిన్న గడి, ఒక సెర్చ్ టూల్‌బారో, కంప్యూటర్ వేగం పెంచే సాధనమో మనకి అంటగడుతుంది. ఎక్కిన ప్రతి కంప్యూటర్‌కీ వాళ్ళకి ఇంత అని డబ్బు ముడుతుంది, వ్యాపారమంతా అదే. ఎక్కడో మూలనున్న సైట్లే చేస్తాయని కాదు, ఉచిత సాఫ్ట్‌వేర్‌కి సోర్స్‌ఫోర్జ్ అంతటి పేరున్న డౌన్‌లోడ్ సైటే 2013లో ఇలాంటి చుట్టుడు ఇన్‌స్టాలర్ల పథకం పెట్టింది, 2016లో యాజమాన్యం మారాక గానీ దాన్ని తీసెయ్యలేదు. కాబట్టి మీరు మోసపోయినందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

దీన్ని తియ్యడంలో వరస ముఖ్యం. చాలామంది ముందు ఎక్స్‌టెన్షన్ తీస్తారు, అది కొమ్మ, వేరు కిందెక్కడో ఉంటుంది, అందుకే మర్నాటికి మళ్ళీ చిగురిస్తుంది. ముందు కంట్రోల్ ప్యానెల్ తెరిచి ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్‌లోకి వెళ్ళండి. ఇన్‌స్టాల్డ్ ఆన్ అన్న గడి మీద నొక్కితే జాబితా తేదీల వారీగా సర్దుకుంటుంది. మీరు ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ వేసిన తేదీ చూడండి, అదే రోజు, ఆ మర్నాడు మీకు తెలియకుండా ఎక్కినవన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. వాటిని తీసెయ్యండి, టైపింగ్ సాఫ్ట్‌వేర్‌తో సహా. తీసేటప్పుడు అది వెళ్ళొద్దని బతిమాలుతుంది, బటన్లు తికమకగా పెడుతుంది, ఎరుపు రంగుది ఉంచేదీ బూడిద రంగుది తీసేదీ అయి ఉంటుంది, ప్రతి ముక్కా చదివి నొక్కండి. ఒక జాగ్రత్త, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్, డాట్ నెట్, ఇంటెల్, రియల్‌టెక్ అన్న పేర్లున్నవి ముట్టుకోకండి, అవి సిస్టమ్‌కి కావలసినవే.

తరవాత కంప్యూటర్ ఆన్ కాగానే ఏమేం లేస్తున్నాయో చూడాలి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అన్న చోట తెలియనివాటిని డిజేబుల్ చెయ్యండి. ఇక్కడితో చాలామంది ఆగిపోతారు, కానీ మొండివి దాక్కునేది టాస్క్ షెడ్యూలర్‌లో. స్టార్ట్ దగ్గర ఆ పేరు ఇంగ్లిషులో కొడితే వస్తుంది. ఎడమవైపు టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ నొక్కితే జాబితా కనిపిస్తుంది, ఒక్కోదాన్ని నొక్కి కింద యాక్షన్స్‌లో అది ఏ ఫైల్ని నడుపుతుందో చూడండి. పేరు అర్థంపర్థం లేని అక్షరాల గుంపుగా ఉండి, నడిపే ఫైలు యాప్‌డేటా ఫోల్డర్‌లోనో టెంప్‌లోనో ఉంటే అనుమానించాల్సిందే. గంటకోసారో, లాగిన్ అయిన ప్రతిసారో లేచి, మీరు తీసేసినదాన్ని మళ్ళీ పెట్టి వెళ్ళిపోయేది ఇలాంటిదే. వెంటనే డిలీట్ చెయ్యకుండా ముందు డిజేబుల్ చేసి రెండు రోజులు చూడండి, అవసరమైనదాన్ని పొరపాటున ఆపి ఉంటే తిరిగి ఆన్ చేసుకోవచ్చు.

ఇప్పుడు బ్రౌజర్‌కి రండి. క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కితే ఆ మెనూ అట్టడుగున ఈ బ్రౌజర్‌ని మీ సంస్థ నిర్వహిస్తోంది అనే అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం, మేనేజ్డ్ బై అని మొదలయ్యేది, ఉందేమో చూడండి. ఆఫీసు కంప్యూటర్‌లో అది మామూలే. ఇంటి కంప్యూటర్‌లో ఉంటే ఎవరో పాలసీ పెట్టారన్నమాట, అంటే ఈ ఎక్స్‌టెన్షన్ తప్పనిసరిగా ఉండాలి, వాడే మనిషి తియ్యకూడదు అని రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోట, రాసి పెట్టారు. కొన్ని మంచి యాంటీవైరస్‌లు కూడా పాలసీ పెడతాయి గనక అది కనిపించగానే బెంబేలు పడక్కర్లేదు. అడ్రస్ బార్‌లో ఇంగ్లిషులో క్రోమ్ అని, కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని కొట్టండి, పెట్టిన పాలసీలన్నీ కనిపిస్తాయి. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్ లిస్ట్ అన్న పేరు అక్కడ ఉంటే మీ దొంగ దొరికినట్టే.

మీరు తీసిన ఎక్స్‌టెన్షన్ తిరిగి రావడానికి ఇంకో కారణం ఉండొచ్చు, ఇది నేను కష్టపడి నేర్చుకున్నది. మా బాబాయిగారి కంప్యూటర్ మీద మూడు సాయంత్రాలు కూర్చున్నాను. అన్నీ తీశాను, స్కాన్ చేశాను, చివరికి క్రోమ్‌నే తీసేసి కొత్తగా వేశాను, ఆయన ఈమెయిల్‌తో లాగిన్ అయ్యారో లేదో అదే సెర్చ్ పేజీ వచ్చి కూర్చుంది. తెలిసిందేమిటంటే సింక్. ఎక్స్‌టెన్షన్లు, సెట్టింగ్స్ అన్నీ గూగుల్ ఖాతాలో దాచి ఉంటాయి, కంప్యూటర్ శుభ్రం చేసినా ఖాతాలోంచి మళ్ళీ దిగుతాయి. ఆయన షాపులో రెండో కంప్యూటర్‌లోనూ అదే ఖాతా, అక్కడ ఆ ఎక్స్‌టెన్షన్ హాయిగా ఉంది, అక్కడినుంచి ఇక్కడికి వస్తోంది. అందుకని శుభ్రం చేసే ముందే సింక్ ఆపండి, మీ ఖాతా స్కూలు కంప్యూటర్‌లోనో ఇంకెక్కడో తెరిచి ఉంటే అక్కడ కూడా చూడండి. పని మొత్తం అయ్యాకే సింక్ మళ్ళీ ఆన్ చెయ్యండి.

ఎక్స్‌టెన్షన్లు తీశాక సెట్టింగ్స్‌లో రీసెట్ సెట్టింగ్స్ అని ఉంటుంది, అది నొక్కండి. బుక్‌మార్కులు, దాచిన పాస్‌వర్డ్‌లు పోవు, సెర్చ్ ఇంజన్, మొదటి పేజీ మళ్ళీ మామూలుకి వస్తాయి, సైట్లలో మళ్ళీ లాగిన్ అవ్వాల్సి ఉంటుంది అంతే. యూట్యూబ్‌లో పాత వీడియోలు క్లీన్ అప్ కంప్యూటర్ అనే ఎంపిక నొక్కమంటాయి, దానికోసం వెతుక్కోకండి, 2023లో గూగుల్ దాన్ని క్రోమ్‌లోంచి తీసేసింది. ఇంకో చిన్నది, డెస్క్‌టాప్ మీద క్రోమ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ చూడండి, ఆ వరస చివర ఏదైనా సైట్ చిరునామా అతికించి ఉంటే ఆ షార్ట్‌కట్ పారేసి కొత్తది పెట్టుకోండి. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ, అంటే మన నెట్‌ని మధ్యలో వేరే కంప్యూటర్ గుండా పంపే ఏర్పాటు, ఆన్‌లో ఉంటే ఆఫ్ చెయ్యండి. ఇంట్లో ఫోన్లలో కూడా ఇవే పేజీలు వస్తుంటే అప్పుడు అనుమానం వైఫై రౌటర్ మీద, ఫోన్లలో రాకపోతే దాని జోలికి వెళ్ళకండి.

చేత్తో చేసేది ఇంతే, ఇక స్కాన్. కొనాల్సిన పనే లేదు మాస్టారూ. విండోస్‌లోనే డిఫెండర్ ఉంది, విండోస్ సెక్యూరిటీ తెరిచి వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్ నొక్కి ఫుల్ స్కాన్ పెట్టి పడుకోండి, పాత సిస్టమ్ కదా, గంటలు పడుతుంది. మర్నాడు అక్కడే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ కూడా చెయ్యండి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది గనక దాక్కున్నవి దొరుకుతాయి, పావుగంట పని. యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్‌లో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ కింద అనవసర యాప్‌లను ఆపే ఎంపిక ఉంది, అది ఆఫ్‌లో ఉంటే ఆన్ చెయ్యండి. మీకు అంటుకున్నలాంటివి అచ్చంగా వైరస్ కిందకి రావు, మనం నెక్స్ట్ కొట్టి ఒప్పుకున్నట్టే లెక్క, అందుకే మామూలు స్కాన్‌లో కొన్ని తప్పించుకుంటాయి, ఈ ఎంపిక వాటికోసమే.

వీటికి తోడు మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళ యాడ్‌డబ్ల్యూక్లీనర్ అని ఉచిత సాధనం ఉంది, ఇన్‌స్టాల్ కూడా చెయ్యక్కర్లేదు, నొక్కితే నడుస్తుంది, సరిగ్గా యాడ్‌వేర్ కోసమే, అంటే ఇలా ప్రకటనలు అంటగట్టే ప్రోగ్రామ్‌ల కోసమే చేసింది. క్రోమ్ పాలసీలను తుడిచే ఎంపిక కూడా దాని సెట్టింగ్స్‌లో ఉంది, రిజిస్ట్రీలో చెయ్యిపెట్టే ప్రమాదం తప్పుతుంది. కానీ గూగుల్‌లో పేరు కొట్టి పైన వచ్చినది నొక్కకండి, పైన వచ్చేవి ప్రకటనలు కావచ్చు, క్లీనర్ పేరుతోనే ఇంకో యాడ్‌వేర్ అంటించేవాళ్ళు ఉన్నారు. మాల్‌వేర్‌బైట్స్ సొంత సైట్ చిరునామా కొట్టి వెళ్ళండి. మన కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో కూడా శుభ్రం చేసే సాధనాలు ఉచితంగా ఇస్తారు.

అన్నీ అయ్యాక, ముందు కాదు, ఈమెయిల్ పాస్‌వర్డ్, బ్యాంకు పాస్‌వర్డ్ మార్చండి, అదీ ఫోన్ నుంచి. యాడ్‌వేర్ వట్టి చిరాకే కదా అనుకుంటారు గానీ 2014 చివర్లో లెనోవో కొన్ని ల్యాప్‌టాప్‌లలో ముందే వేసి అమ్మిన సూపర్‌ఫిష్ అనే ప్రోగ్రామ్ చూపించేది ప్రకటనలే, వాటికోసం అది తాళం గుర్తున్న సురక్షిత పేజీల మధ్యలో కూడా దూరేది, దాంతో ఆ కంప్యూటర్లలో బ్యాంకు పేజీ నిజమైనదో నకిలీదో బ్రౌజర్ చెప్పలేని పరిస్థితి వచ్చింది. 2015 ఫిబ్రవరిలో గొడవయ్యాక లెనోవో దాన్ని తీసే సాధనం ఇచ్చింది. మీ సిస్టమ్ మీద ఈ నెలలో నెట్ బ్యాంకింగ్ చేసి ఉంటే స్టేట్‌మెంట్ ఒకసారి చూసుకోండి.

ఇంతకీ మీకు కావలసింది తెలుగు టైపింగ్. దానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు! 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్, తెలుగు చేర్చి, దాని ఆప్షన్స్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఎంచుకోండి. ఇంగ్లిషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ అని పడుతుంది, విండోస్ మీటా స్పేసూ కలిపి నొక్కితే భాష మారుతుంది. అది అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతి గనక ఆ ప్రశ్నపత్రం వాట్సాప్‌లో పంపినా అక్షరాలు చెదరవు.

షాపతను చెప్పినదాంట్లో పూర్తి అబద్ధమేమీ లేదు, ఫార్మాట్ కొడితే సిస్టమ్‌లో ఉన్నది పోతుంది. అయితే సింక్ ఆపకపోతే ఎక్స్‌టెన్షన్ మొదటి లాగిన్‌తోనే తిరిగొస్తుంది, పైగా ఫొటోలు, ప్రశ్నపత్రాలు జాగ్రత్త చెయ్యకుండా కొట్టేస్తే అవీ పోతాయి. చాలా చోట్ల ఫార్మాట్ తరవాత క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ లేని దొంగ విండోస్ వేస్తారు, దాన్ని నడిపించడానికి పెట్టే యాక్టివేటర్లలో ఇంతకంటే పెద్ద దొంగలుంటారు, కాబట్టి ఎప్పుడైనా కొట్టించాల్సి వస్తే మీ సిస్టమ్‌తో వచ్చిన అసలు లైసెన్స్‌తోనే వెయ్యమని గట్టిగా చెప్పండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, మీ మెషీన్ విండోస్ 11కి సరిపోతుందేమో అప్‌డేట్ పేజీలో చూడండి. సరిపోకపోతే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదయ్యే ఎంపిక అక్కడే కనిపిస్తుందేమో చూసుకోండి.

ఒక ఆదివారం పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోయే పని ఇది, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకోండి, మెనూలు వాడికే తొందరగా దొరుకుతాయి. అంతా చేశాక కూడా ఆ ఎక్స్‌టెన్షన్ తిరిగొస్తే పాలసీ పేజీని, టాస్క్ షెడ్యూలర్ జాబితాని, తేదీలు కనిపించేలా ప్రోగ్రామ్‌ల జాబితాని ఫోన్‌తో ఫొటోలు తీసి నాకు పంపండి, ఏ పేరు తియ్యాలో చూసి చెప్తాను.